రిటర్న్ లోడు కోసం నేర్చుకున్న అక్షరాలు

మా ఆయనకు లారీ నడపడం వచ్చు, లోడు అడగడం రాదు. పెళ్ళయిన పదహారేళ్ళకు సొంత బండి కొనుక్కున్నాక గాని ఈ సంగతి మా ఇద్దరికీ తెలియలేదు. అంతవరకు ఆయన కోయంబత్తూరులో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ డ్రైవరు. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో ఆఫీసువాళ్ళే చీటీ రాసి చేతికిచ్చేవారు. ఆ చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళి, నాలుగు రోజులకో వారానికో ఇల్లు చేరేవారు. సొంత బండి వచ్చాక చీటీ ఇచ్చేవాళ్ళు లేకపోయారు.

బండి అంటే కొత్తదేమీ కాదు. ఆరు చక్రాల పాత లారీ. కోయంబత్తూరు అంచున ఉన్న మా తుడియలూరులో సందుసందుకీ ఒక పంపుల వర్క్‌షాపు ఉంటుంది. పొద్దున్నే లేత్ మిషన్ల చప్పుడుతోనే మాకు తెల్లవారుతుంది. ఆ వర్క్‌షాపుల వాళ్ళందరికీ మా ఆయన చిన్నప్పటి నుంచి తెలుసు. పంపుసెట్లు, మోటార్లు ఆంధ్ర వైపు పంపించాలంటే వాళ్ళే ఫోను చేసి పిలిచేవారు. ఒంగోలు, గుంటూరు, విజయవాడ. పోవడానికి ఎప్పుడూ కష్టం లేదు. కష్టమంతా రావడంలో ఉంది.

సరుకు దించేశాక లారీ ఖాళీ. ఖాళీగా తిరిగి వస్తే డీజిలు తాగడం మానదు, టోలుగేటు వాడు ఊరుకోడు. అందుకని వచ్చేటప్పుడు కూడా ఏదో ఒక సరుకు దొరకాలి. దాన్నే రిటర్న్ లోడు అంటారు. పెద్ద కంపెనీలకైతే అన్ని ఊళ్ళలోనూ ఆఫీసులుంటాయి. ఒక్క బండి ఉన్న మనిషికి ఆ ఊళ్ళో ఎవరున్నారు? బ్రోకర్ల గదుల ముందు నిలబడాలి. లోడు వచ్చిందని లోపలి నుంచి ఎవరైనా అనగానే పదిమంది ఒక్కసారి లోపలికి తోసుకుపోతారు. మా ఆయన పదకొండో మనిషి. టీ అంగడిలో చక్కెర వేయడం మరిచిపోతే అలాగే తాగేసి వచ్చే స్వభావం ఆయనది. ఇరుకు సందులో నిండు లారీని రివర్సులో పెట్టమంటే అద్దం చూసుకుంటూ ఒక్క గీత పడకుండా పెడతారు. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి పోయి, నాకు లోడు ఇవ్వండి అని అడగమంటే మాత్రం కాళ్ళు కదలవు.

నాది వేరే సంగతి. నేను పుట్టింది మదురై పక్కన నల్లరేగడి పల్లెలో. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రెండిట్లోనూ నోరు ఊరుకోదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అత్త నా మదురై తెలుగు విని నవ్వేది. కోయంబత్తూరు తెలుగు వేరు. కొన్ని మాటలు ఆమెకు అర్థమయ్యేవి కావు, కొన్ని నాకు అర్థమయ్యేవి కావు. మధ్యలో తమిళం వేసి సర్దుకునేవాళ్ళం. వంటింట్లో నేను ఒక్కదాన్నే ఉన్నా మాట్లాడుతూనే ఉంటానని ఆమె వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది. చెప్పడంలో మురిపెమే తప్ప విసుగు ఉండేది కాదు.

బండి కొన్న ఏడాది ఆయన విజయవాడలో అయిదు రోజులు చిక్కుకుపోయారు. రోజూ మధ్యాహ్నం ఫోను చేసేవారు. తిన్నారా అని అడిగితే తిన్నానని, లోడు దొరికిందా అంటే లేదని, అంతే. లారీ కింద స్టవ్వు పెట్టుకుని అన్నం వండుకుంటున్నారు. అయిదో రోజు, రేపు ఖాళీగానే వచ్చేస్తాను అన్నారు. ఎవరెవరిని అడిగారు అన్నాను. అందరినీ చూశానని చెప్పారు. చూడడం వేరు, అడగడం వేరు అని నాకు అప్పుడు అర్థమైంది. ఆ గదుల బోర్డుల మీద ఉన్న ఫోను నంబర్లు చదివి చెప్పమన్నాను. మూడు చెప్పారు.

మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. రెండో మనిషి తమిళనాడుకు ఏమీ లేవని పెట్టేశాడు. మూడో నంబరు ఎత్తిన ఆయన గొంతు కాస్త పెద్దవయసుది.

"అన్నా, నమస్కారం. కోయంబత్తూరుకి లోడు ఏమైనా ఉండాదా? మా ఇంటాయన అయిదు దినాలుగా ఆడనే ఉండారు. ఆరు చక్రాల బండి" అన్నాను.

"మీరు మాట్లాడేది తెలుగేనా అమ్మా?" అని అడిగాడు ఆయన.

"తెలుగే అన్నా. మా ఇంట్లో అందరం తెలుగే."

ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, ఎప్పుడో పోయిన వస్తువు పెట్టెలో కనిపిస్తే నవ్వినట్టు ఉంది. మీ ఆయనకు ఫోను ఇవ్వండి, మాట్లాడతాను అన్నాడు. ఆయన మాట్లాడరు, నేనే మాట్లాడతాను అని చెప్పాను. సరేనని ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. ఎన్ని టన్నులు పడుతుంది, బాడీ పొడవెంత, టార్పాలిన్ ఉందా, పర్మిట్టు ఏ రాష్ట్రాలకు ఉంది. రెండు నిమిషాలు ఆగమని చెప్పి, మా ఆయనకు ఫోను చేసి కనుక్కుని, మళ్ళీ ఈయనకు చేసి చెప్పాను. నూజివీడు దగ్గర ఒక గోడౌనులో మొక్కజొన్న ఉంది, ఉడుమలపేట పక్కన కోళ్ళ దాణా మిల్లులో దించాలి అన్నాడు. నేను ఊపిరి పీల్చుకుని, "బండి సాయంత్రానికి కండిప్పా వస్తాది అన్నా" అన్నాను.

"కండిప్పా అంటే వస్తుందనా, రాదనా?"

మాకు అది తమిళ మాట అని కూడా గుర్తుండదు. "తప్పకుండా వస్తాది" అని మార్చి చెప్పాను.

అదే నేను పట్టిన మొదటి లోడు. మొక్కజొన్న దించి ఇల్లు చేరాక మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడి, ఇక రిటర్న్ లోడు నువ్వే చూసుకో అన్నారు. మా అత్త పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమె తల ఎత్తకుండానే, "దాని నోటికి ఇన్నాళ్ళకు ఒక ఉద్యోగం దొరికినాది" అంది.

ఉద్యోగమే అయింది. పొద్దున టిఫిను ముగిసి, బియ్యం పొయ్యి మీదికి ఎక్కేలోపు నాకు రెండు గంటలు దొరికేవి. ఆ రెండు గంటలూ ఫోనే. ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో రాసుకునేదాన్ని. సరుకు ఎత్తి దించే కూలీలు మాకు లోడుమెన్, అక్కడ ముఠా వాళ్ళు. మేము బాడుగ అంటే వాళ్ళు కిరాయి అంటారు. బండిని తూకం వేసే చోటు వాళ్ళకు కాటా. ఇవన్నీ తెలియకుండా మాట్లాడితే ఆడమనిషి, పైగా తమిళనాడు మనిషి అని తేలిగ్గా తీసేస్తారు. కొన్ని ప్రశ్నలు దెబ్బతిన్నాకే నేర్చుకున్నాను. ఒకసారి సరుకు ఎప్పుడు దించుతారని అడగడం మరిచిపోయాను. మిల్లు గేటు ముందు రెండు రోజులు బండి అలాగే నిలబడిపోయింది. అప్పటి నుంచి లోడు ఎక్కడ అని అడగకముందే, దించేది ఏ రోజు అని అడగడం అలవాటైంది.

కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి ఫోనులో లోడ్ల యాప్ ఒకటి వేసి ఇచ్చింది. బండి ఎక్కడుందో నొక్కితే, ఆ చుట్టుపక్కల లోడ్లన్నీ వరుసగా కనిపిస్తాయి. మొదట్లో అది చూస్తే సంతలో నిలబడినట్టు ఉండేది. తీరా ఫోను చేస్తే లైను బిజీ. రెండో సారికి లోడు అయిపోయింది అనేవారు. ఒకే లోడును నలుగురు బ్రోకర్లు నాలుగు రేట్లకు పెట్టేవారు. అందులో ఎవరి దగ్గర నిజంగా సరుకుందో తెలిసేది కాదు. యాప్ పనికిరాదని అనను, ఇప్పుడూ చూస్తాను. కానీ నేను కనిపెట్టింది ఒకటి ఉంది. నిన్న లోడు లేదని మర్యాదగా చెప్పిన మనిషికి ఇవాళ మళ్ళీ ఫోను చేయాలి. లోడు ఉన్నప్పుడు అందరూ బాగానే మాట్లాడతారు. లేనప్పుడు కూడా ఫోను ఎత్తి, లేదమ్మా రేపు చూద్దాం అనేవాళ్ళు నలుగురైదుగురు ఉంటే, ఒక్క బండికి అది చాలు.

నాకు మొదటి లోడు ఇచ్చిన విజయవాడ అన్న అలాంటి మనిషి. ఆయన రోజూ పొద్దున వాట్సాప్ గ్రూపులో లోడ్ల పట్టిక పెడతాడు. నన్ను కూడా అందులో చేర్చాడు. పట్టికంతా తెలుగు అక్షరాల్లో ఉండేది. నేను బళ్ళో చదివింది తమిళం. మా అత్తకు సంతకం ఒక్కటే వచ్చు, అదీ తమిళంలో. మా వీధి మొత్తం తెలుగు మాట్లాడుతుంది, చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ అక్షరాలు నాకు చిన్న చిన్న మురుకులు ఒత్తి పెట్టినట్టు కనిపించేవి. అన్నీ గుండ్రమే, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు.

నేను ఫోను చేసి ఏముందని అడిగితే, పట్టిక పెట్టాను కదమ్మా, చూసుకోలేదా అనేవాడు. ఫోను సరిగా లేదన్నా అని రెండు రోజులు అబద్ధం చెప్పాను. మూడో రోజు చెప్పలేకపోయాను.

"అన్నా, నాకు తెలుగు చదవను రాదు."

"ఇంత చక్కగా మాట్లాడుతున్నారు."

"మాట్లాడను వస్తాది. బడిలో అంతా తమిళమే."

సరేనని పెట్టేశాడు. నాకు సిగ్గేసింది. ఇక ఈయన మనకు లోడ్లు ఇవ్వడులే అనుకున్నాను. మరునాడు పొద్దున పట్టిక వచ్చింది. దాని కింద నాకు ఒక్కదానికే ఇంకో మెసేజ్, వాయిస్ రికార్డు. నొక్కితే ఆయన గొంతు. పట్టికలో ఉన్నది ఉన్నట్టు, బళ్ళో హాజరు పిలిచినట్టు, ఒక్కో పేరు దగ్గరా ఆగి చదివాడు. గుంటూరు నుంచి తేనికి మిర్చి. దుగ్గిరాల నుంచి ఈరోడుకు పసుపు. ఇలా చేస్తానని ముందు చెప్పలేదు, చేశానని తరువాతా చెప్పలేదు. ఆ రోజు నుంచి రోజూ వచ్చేది.

ఆ గొంతు వింటూ పట్టిక మీద వేలు పెట్టుకుని పోవడం మొదలుపెట్టాను. నేను చదివిన మొదటి తెలుగు మాట కోయంబత్తూరు. అన్నిటికంటే పొడవైనది కాబట్టి దొరికిపోయింది. తరువాత మిర్చి. గుంటూరు పక్కనే ఎప్పుడూ పొట్టిగా నిలబడి ఉండేది. గుంటూరులో ఉన్న రు, కోయంబత్తూరులో ఉన్న రు ఒకటేనని కనిపెట్టిన రోజు వంటింట్లో నుంచి ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ పోయి మా అత్తకు చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసి, అవునవును ఒకటే అంది. ఆమెకు ఏం కనిపించిందో నాకు తెలియదు.

మా అత్తకు ఆ వాయిస్ రికార్డు వినడం అలవాటైపోయింది. నా పని అయిపోయినా, ఇంకొకసారి పెట్టు అనేది. తిరుపతి దాటి ఆమె ఎప్పుడూ పోలేదు. మావాళ్ళు ఎన్ని వందల ఏళ్ళ కిందటో ఆ వైపు నుంచి వచ్చారని అందరూ అంటారు, ఏ ఊరి నుంచో ఎవరికీ తెలియదు. జగ్గయ్యపేట, చిలకలూరిపేట, పొన్నూరు, తెనాలి అని ఆయన చదువుతుంటే ఆమె ఒక్కొక్క పేరును నోట్లో వేసుకుని చూసేది. పొన్నూరు మన ఊరేమో, వింటే అట్ల ఉండాది అని ఒకరోజు, రెండు రోజులు పోయాక కాదు తెనాలి అని. నేను లోడు కోసం వింటుంటే ఆమె ఊరి కోసం వినేది.

ఆరు నెలలు గడిచాక ఇక చదివి పంపక్కరలేదు, నేనే చదువుకుంటాను అని అన్నకు చెప్పాను. పాసైపోయారన్నమాట అన్నాడు. నాకు గర్వంగా ఉండింది. ఆ గర్వం మూడు వారాలు ఉంది.

మా ఆయన విజయవాడలో మోటార్లు దించి ఉన్నారు. పట్టికలో నందిగామ నుంచి కోయంబత్తూరుకు జీడిపప్పు అని చదివాను. నందిగామ విజయవాడకు ఎంతో దూరం లేదు. వెంటనే అన్నకు ఫోను చేసి నందిగామ లోడు మాకు వేయమన్నాను. ఆయన ఏదో పెళ్ళిలో ఉన్నాడు, వెనక మేళాల మోతలో, సరే, బండి పంపండి, ఊరు చేరాక సరుకువాళ్ళ నంబరు ఇస్తాను అన్నాడు. మా ఆయనకు చెబితే ఆయన కాస్త తటపటాయించారు. జీడిపప్పును మేము ముందిరి అంటాం. ఆ పక్క ముందిరి తోటలు నేనెప్పుడూ చూడలేదే అన్నారు. లోడు లోడే కదా, మీరు పోండి అన్నాను.

మరునాడు పదింటికల్లా ఆయన నందిగామలో ఉన్నారు. అన్న ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే సరుకువాళ్ళు, టెక్కలి దాటి రండి, రోడ్డు పక్కనే గోడౌను అన్నారట. టెక్కలి ఎక్కడ అని ఆయన నన్ను అడిగారు. నేను మ్యాపులో చూశాను. శ్రీకాకుళం అవతల. ఆయన ఉన్న చోటి నుంచి అయిదు వందల కిలోమీటర్ల పైమాటే.

పట్టిక తీసి మళ్ళీ చదివాను. నందిగామ కాదు, నందిగాం. చివర మ లేదు, సున్నా ఉంది. నేను ఆ సున్నాను పట్టించుకోలేదు, నాకు తెలిసిన ఊరి పేరు చదువుకున్నాను. మా అత్త మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. మా ఆయనకు ఫోను చేసి, "నేనే తప్పుగా చదివినాను. ఊరు అది కాదు" అన్నాను.

ఆయన, "సరి. నువ్వు ఏడవద్దు. ఈడ ఏముండాదో నేను చూస్తాను" అన్నారు.

"మీరా?"

"నేనే. ఎవరినన్నా అడగతాను."

ఆ తరువాత జరిగినది ఆయన ఇంటికి వచ్చాక చెప్పగా విన్నదే. ఆ ఊళ్ళో పత్తి జిన్నింగు మిల్లులు ఉన్నాయి. ఒక మిల్లు గేటు దగ్గర పత్తి లారీ ఒకటి లోపలికి తిరగలేక అడ్డంగా ఇరుక్కుపోయి ఉంది. ఆ డ్రైవరు ముందుకీ వెనక్కీ చేసి చేసి అలిసిపోయి దిగి నిలబడ్డాడు. ఈయన పోయి, నేను పెట్టనా అని అడిగి, ఎక్కి, స్టీరింగు రెండు తిప్పుల్లో లోపల పెట్టేశారట. మిల్లు మేస్త్రీ లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. టీ తాగుతూ ఈయన పక్కనే ఉన్న బోరు మోటారు వైపు చూశారు. దాని మీద ఉన్న రేకు మీద తుడియలూరు అని ఉంది. అది మా వెనక వీధి వర్క్‌షాపులో తయారైనదే. ఇది మా ఊరి మోటారు అని చెప్పారట. అప్పుడు మేస్త్రీ, మా దూది బేళ్ళు కూడా మీ కోయంబత్తూరు మిల్లులకే పోతాయి కదా అన్నాడు.

అక్కడ ఈయన అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. "నా బండి ఖాళీగా ఉండాది. ఒక లోడు నాకు ఇస్తారా?"

ఆయన జీవితంలో ఒక కొత్త మనిషిని లోడు అడగడం అదే మొదటిసారి. ఓనరు నాలుగు గంటలకు వస్తాడని చెబితే అక్కడే కూర్చున్నారు. ఓనరు వచ్చి కాగితాలన్నీ చూశాడు. అయినా తెలియని బండికి దూది ఇవ్వాలంటే ఆలోచిస్తారు. మేస్త్రీ ఆ మోటారు రేకు మీద ఉన్న నంబరు చూపించాడు. ఓనరు దానికే ఫోను చేశాడు. మా వెనక వీధి వర్క్‌షాపు ఆయన ఫోను ఎత్తి, ఆ మనిషి బండికి మా మోటార్లన్నీ ఎక్కిస్తాం, ఒక్క పెట్టెకు సొట్ట పడదు అని చెప్పాడట. సాయంత్రానికి బేళ్ళు ఎక్కాయి.

ఇక్కడ నేను ఊరికే కూర్చోలేదు. అవతల నందిగాంలో సరుకువాళ్ళు బండి కోసం ఎదురుచూస్తున్నారు. విజయవాడ అన్న వాళ్ళకు మాట ఇచ్చాడు, నా వల్ల ఆ మాట పోయింది. ఆయనకు ఫోను చేసి ఉన్నది చెప్పాను. ఆయన కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. "అమ్మా, నాకు గోడౌన్లు లేవు, లారీలు లేవు. బండి వస్తుందంటే వస్తుంది, అంతే నా వ్యాపారం" అని పెట్టేశాడు.

తుడియలూరులో బండ్లున్న ఇళ్ళన్నిటికీ ఫోను చేశాను. మా రెండో వీధిలో ఒకరి బండి విశాఖపట్నంలో మోటార్లు దించి ఖాళీగా ఉంది. ఆ ఇంటావిడ నాకు స్నేహితురాలు. ఆమె వాళ్ళాయనతో మాట్లాడింది. ఆ బండి మరునాడు పొద్దున నందిగాం చేరింది. ఒక్కరోజు ఆలస్యంగానైనా జీడిపప్పు ఎక్కింది.

అయినా అన్న రెండు రోజులు నా ఫోను ఎత్తలేదు. మూడో రోజు కూర్చుని తెలుగులో మెసేజ్ రాశాను. నా జీవితంలో నేను రాసిన మొదటి తెలుగు వాక్యం అది. ఫోనులో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాయడానికి అరగంట పట్టింది. అన్నా తప్పు నాది, మన్నిచండి అని రాశాను. పది నిమిషాలకు జవాబు వచ్చింది. ఒకే ఒక్క మాట. మన్నించండి. న్ని పక్కన సున్నా పెట్టి, సరిగా రాసి పంపాడు. నేను చాలాసేపు ఆ సున్నానే చూస్తూ కూర్చున్నాను. తరువాత ఫోను చేస్తే ఎత్తాడు. ఏలూరు నుంచి ఏదో ఉంది, మీ బండి ఎప్పుడు వస్తుంది అని మామూలుగా అడిగాడు.

ఆ జిన్నింగు మిల్లు వాళ్ళు పత్తి రోజుల్లో మమ్మల్నే పిలవసాగారు. మధ్యలో బ్రోకరు లేడు. నాకు మనసు ఒప్పలేదు. ఆ ఊరికి మా బండి పోయింది మీ పట్టిక వల్లే కదా, కమీషను తీసుకోండి అని అన్నకే చెప్పాను. అది మీ ఆయన అడిగి తెచ్చుకున్న లోడు, నాకేం సంబంధం అన్నాడు. కానీ మా వీధుల్లో బండ్లున్నవాళ్ళకు ఆయన నంబరు ఇచ్చాను. ఇప్పుడు తుడియలూరు నుంచి ఆరేడు బండ్లు ఆయన పట్టిక చూసే తిరిగి వస్తాయి. చదవడం రాని ఇళ్ళకు నేను చదివి చెబుతాను. ప్రతి పేరు చివరి అక్షరం రెండుసార్లు చూస్తాను.

రెండేళ్ళ కిందట అన్న పళనికి వస్తున్నానని చెప్పాడు. భార్యతో కలిసి, ఏదో మొక్కు ఉందట. ఫోనులో తప్ప ఎన్నడూ చూడలేదు. అదృష్టం కొద్దీ మా ఆయన బండి సర్వీసుకు ఇచ్చి ఇంట్లోనే ఉన్నారు. పులిసాదం, అదే పులిహోర, పెరుగన్నం కట్టుకుని ఇద్దరం బస్సెక్కి పోయాం. కొండ కింద జనంలో ఎక్కడని వెతుకుతాం? ఫోను కలవలేదు. పంచామృతం అమ్మే అంగడి ముందు గుండు చేయించుకున్న సన్నటి మనిషి ఒకాయన ధర అడుగుతున్నాడు. అంగడివాడికి తెలుగు అర్థం కావడం లేదు. ఆ గొంతు వినగానే నాకు పట్టిక గుర్తొచ్చింది. హాజరు పిలిచే గొంతు. పోయి అంగడివాడికి తమిళంలో చెప్పి, "అన్నా, నేనే" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీ మాట విని మా అమ్మ వయసు ఉంటుందనుకున్నానమ్మా" అన్నాడు.

నేనూ ఆయన్ను బొద్దుగా, మీసాలతో ఊహించుకున్నాను. ఆ సంగతి చెప్పలేదు.

చెట్టు నీడన కూర్చున్నాం. ఎండకు ఆయన భార్య మొహం వాడిపోయి ఉంటే, దప్పి అవుతాందా అక్కా అని నీళ్ళ సీసా చాచాను. ఆమె అది అందుకోకుండా నా వైపే చూస్తూ, దప్పి అని మళ్ళీ అని చూసుకుంది. వాళ్ళ నాయనమ్మ పోయాక ఆ మాట ఎవరి నోటా వినలేదని చెప్పింది. తరువాత ఇంకేమేం మాటలున్నాయి చెప్పు చెప్పు అని అడుగుతూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను. పులిసాదం పెట్టుకుని తింటూ ఆమె ఇంకో సంగతి బయటపెట్టింది. వాయిస్ పంపడం మానేసినా ఆయన ఇప్పటికీ పొద్దున్నే వరండాలో కూర్చుని పట్టిక గట్టిగా చదువుతాడట. ఎవరికి చదువుతున్నావయ్యా అంటే, ఆ ఆరు నెలల్లో అలవాటైపోయింది, గట్టిగా చదవకపోతే లోడ్లు గుర్తుండటం లేదు అంటాడట. అన్న తన గుండు తడుముకుంటూ, అది నిజమే అన్నాడు.

మగవాళ్ళిద్దరూ మొదట చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. మా ఆయన సంగతి తెలుసు కదా. అన్న కూడా ఫోనులో తప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదని అప్పుడే తెలిసింది. చివరికి అన్న, గూడూరు దాటాక రోడ్డు ఇప్పుడెలా ఉంది అని అడిగాడు. అంతే, మా ఆయన మొదలుపెట్టారు. ఏ బ్రిడ్జి దగ్గర పని జరుగుతోంది, ఏ దాబాలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ టైరు చూపించుకోవచ్చు. ఆయన అన్ని మాటలు వరుసగా మాట్లాడగా నేను చూడడం అదే మొదలు. వాళ్ళ మొక్కు పొద్దున్నే తీరింది, అక్క నాకు తోడుగా మళ్ళీ కొండెక్కింది. మేము దర్శనం చేసుకుని దిగి వచ్చేసరికి కూడా మగవాళ్ళిద్దరూ ఆ చెట్టు కిందే ఉన్నారు, మాటల్లో సరిహద్దు తడ దాకా వచ్చారు.

బస్టాండులో విడిపోయేటప్పుడు అన్న భార్య నా చేతిలో ఒక రవికె ముక్క, కుంకుమ పెట్టింది. నేను పంచామృతం డబ్బా ఇచ్చాను. అన్న బస్సు కిటికీలో నుంచి, రేపు నేను ప్రయాణంలో ఉంటాను, పట్టిక పదింటికి వస్తుంది, కంగారు పడొద్దు అన్నాడు.

మరునాడు పదింటికి వచ్చింది. మా బండి ఇంకా సర్వీసులోనే ఉంది, మాకు లోడు అక్కరలేదు, అయినా చదివాను. మా అత్త మంచం మీద నుంచి ఏమేం ఊళ్ళు ఉన్నాయి అని అడిగింది. అప్పటికే ఆమెకు చూపు బాగా తగ్గింది. పట్టిక మొత్తం గట్టిగా చదివి వినిపించాను. బాపట్ల దగ్గర ఆపమంది. ఇంకొకసారి చెప్పు అంది. చెప్పాను. మన ఊరు అది కూడా అయి ఉండవచ్చు అంది.